నాన్న రోజూ ఇంటి ఫొటోలు పంపుతున్నాడు, కానీ పని ఎంతవరకు వచ్చిందో నాకు తెలియడం లేదు

దూరంగా_పెద్దమ్మాయి:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

అమ్మానాన్నల కోసం ఇల్లు కడుతున్నాం. కింద మూడు గదులు, హాలు, వంటిల్లు. పైన ఇప్పటికి ఏమీ లేదు, మెట్లు మాత్రం పైదాకా. డబ్బు నాదీ చెల్లెలిదీ, స్థలం నాన్నది, దగ్గరుండి చూసుకునేదీ నాన్నే. నేనుండే చోటి నుంచి అక్కడికి ఒక రాత్రీ ఒక పూటా ప్రయాణం. రెండు నెలలకోసారి వెళ్తున్నాను, అదీ రెండు రోజులకి. మేస్త్రికి కూలీ కాంట్రాక్టు, మెటీరియల్ మేమే తెస్తున్నాం.

పునాది తవ్విన రోజు నుంచి నాన్న ఫొటోలు పంపుతూనే ఉన్నాడు. నిన్న లెక్క చూస్తే 1,412. ఇసుక, ఇసుక పక్కన మేస్త్రి, మేస్త్రి వెనక ఇటుకలు, మళ్లీ ఇసుక. ఇన్ని చూశాక కూడా "పని ఎంతదాకా వచ్చిందక్కా?" అని చెల్లెలు అడిగితే నా దగ్గర జవాబు లేదు. నాన్ననడిగితే "గోడ భుజాల దాకా లేచింది" అంటాడు. ఎవరి భుజాలు నాన్నా? ఆయన ఆరడుగుల మనిషి, మేస్త్రి ఐదు కూడా ఉండడు.

వీడియో కాల్ ఇంకా ఘోరం. ఫోన్ పట్టుకుని గిర్రున తిరుగుతాడు. నాకు ఆకాశం, చెప్పులు, మళ్లీ ఆకాశం కనిపిస్తాయి. "ఆగు, ఆ మూల చూపించు" అంటే "ఏ మూల?" అంటాడు. కిటికీ పక్క మూల అంటాను. అక్కడ ఇంకా కిటికీ లేదు, నా దగ్గరున్న ప్లాన్‌లోనే ఉంది. ఈలోపు పనివాళ్లు చేతిలో పని వదిలేసి మా ఇద్దరి సంభాషణ వింటూ నిలబడతారు.

మార్కింగ్ రోజున అమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. నేల మీద గీసిన గీతల మధ్య నిలబడి "ఇదా నా వంటిల్లు? చేతులు చాపితే రెండు గోడలూ తగిలేలా ఉన్నాయే" అంటుంది. గోడల్లేని గది ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుందని ఎక్కడో విని ఉన్నాను కాబట్టి సర్దిచెప్పాను. చెప్పాక నాకే అనుమానం వచ్చి రాత్రంతా ప్లాన్ ముందేసుకుని కూర్చున్నాను.

అసలు గొడవ మూడు వారాల కిందట జరిగింది. వాకిలి పక్క పిల్లర్‌కి, కాంక్రీట్ పోయడానికి చుట్టూ కట్టిన బాక్సుని ఉదయం విప్పారు. అప్పుడు తీసిన ఫొటోలో అడుగున జానెడు మేర కంకర బయటికి కనిపిస్తోంది, తేనెపట్టులా గుల్లలు. సాయంత్రం ఫొటోలో అదే పిల్లర్ నున్నగా ఉంది, ఆ జానెడు మాత్రం కొంచెం ముదురు రంగులో. మధ్యాహ్నం సిమెంట్ పూసేశారన్నమాట. పెద్దది చేసి పది సార్లు చూసి నాన్నకి ఫోన్ చేశాను. "అది మామూలేనట, మేస్త్రి చెప్పాడు" అన్నాడు. నా గొంతు లేచింది. ఆయన గొంతు లేవలేదు, ఆయనకెప్పుడూ లేవదు. "ముప్పై మూడేళ్లు బస్సు నడిపానమ్మా. వెనక సీట్లోంచి గేరు మార్చమని ఒక్కరూ చెప్పలేదు" అని పెట్టేశాడు. తర్వాత రెండు రోజులు ఒక్క ఫొటో కూడా రాలేదు. 1,412 ఫొటోల్లో ఆ రెండు రోజుల ఖాళీయే నాకు బాగా గుర్తుంది.

ఇప్పుడు మళ్లీ వస్తున్నాయి, కానీ దూరం నుంచి తీసినవే. దగ్గరగా ఏదీ తీయడం లేదు.

నా ప్రశ్నలు రెండు. దూరాన ఉన్న మనిషి ఏం చూడాలి, ఏం అడగాలి? నాన్న మీద నమ్మకం లేదనే మాట రాకుండా ఎలా అడగాలి? ఆ పిల్లర్ గురించి కూడా ఎవరైనా చెబితే పుణ్యం ఉంటుంది, నిద్ర పట్టడం లేదు.


రసమట్టం:

పద్దెనిమిదేళ్లుగా సైట్ల మీదే ఉన్నాను. ముందు పిల్లర్ సంగతి చూద్దాం.

పిల్లర్ అడుగున గుల్లలు రావడం అరుదేం కాదు, ఆ మాటలో మేస్త్రి అబద్ధం చెప్పలేదు. బాక్సు కింద సందు ఉంటే సిమెంట్ పాలు కారిపోయి కంకర మిగులుతుంది. పై నుంచి ఒకేసారి కుమ్మరించినా అంతే, కాంక్రీట్ మీటరున్నర కంటే ఎత్తు నుంచి పడకూడదు. కాంక్రీట్‌ని కుదిపి సర్దే వైబ్రేటర్ కిందిదాకా దిగకపోయినా అంతే. గుల్ల వచ్చినందుకు కాదు, ఎవరికీ చూపించకుండా పూసేసినందుకు మేస్త్రిని అడగాలి. లోపల ఎంత లోతుందో ఇప్పుడు పై నుంచి తెలియదు కదా.

చిన్న సుత్తితో కొట్టి చూడమనండి. గట్టి కాంక్రీట్ ఠంగుమంటుంది, డొల్ల ఉంటే శబ్దం చచ్చిపోయినట్టు వస్తుంది. డొల్లగా పలికిన చోట పూత మొత్తం చెక్కేయాలి, గట్టి కాంక్రీట్ తగిలేదాకా. పిల్లర్లో రాడ్డు మీద సాధారణంగా 40 మిల్లీమీటర్ల కాంక్రీట్ పొర ఉంటుంది, దాన్నే కవర్ అంటాం. గుల్ల ఆ కవర్లోనే ఆగిపోయి, రాడ్డు బయటపడకపోతే కడిగి, తడిపి, నాన్‌ష్రింక్ గ్రౌట్‌తో, అంటే ఆరినా కుంచించుకుపోని సిమెంట్ ముద్దతో నింపొచ్చు. రాడ్డు కనిపించినా, ఉలి రాడ్డు దాటి లోపలికి పోయినా మాత్రం డిజైన్ ఇచ్చిన ఇంజనీర్ వచ్చి చూడాల్సిందే. అది నేను ఇక్కడి నుంచి చెప్పే విషయం కాదు, మేస్త్రి చెప్పే విషయం అంతకంటే కాదు.

ఇక ఫొటోలు. లేచిన గోడని ఫొటో తీయకపోయినా నష్టం లేదు, వచ్చే నెల మీరు వెళ్లినా అది అక్కడే ఉంటుంది. మూత పడబోయేవి తీయించండి. పునాది రాడ్లు మీకు ఎలాగూ మట్టిలో కలిసిపోయాయి, వదిలేయండి. మీకు ముందున్న పెద్ద మూత స్లాబ్. రాడ్లు కట్టడం పూర్తయి, కాంక్రీట్ ఇంకా పోయని సాయంత్రం ఒకటి ఉంటుంది. ఆ సాయంత్రానికి ఫొటోలు తీస్తే మిగతా నెలంతా తీయకపోయినా ఫర్వాలేదు. మీరు రెండు నెలలకోసారి వెళ్తున్నానన్నారు, ఆ ప్రయాణం ఈ రోజుకి పడేలా చూసుకోండి.

అప్పుడు చూడాల్సింది పెద్ద విద్యేం కాదు. కింది రాడ్లు చెక్క మీద ఆనకూడదు, కింద కవర్ బ్లాకులు, అంటే రాడ్డుని పైకెత్తి ఉంచే చిన్న దిమ్మలు ఉండాలి. స్లాబ్‌కి 20 మిల్లీమీటర్లు, బీమ్‌కి 25. కంకర రాయి దూర్చి కవర్ అంటారు, ఒప్పుకోకండి, మనిషి నడిస్తే అది పక్కకి దొర్లిపోతుంది. పై రాడ్లు కుర్చీల మీద నిలబడాలి, రాడ్డునే వంచి చేసే ఆధారాలని కుర్చీలంటాం. కుర్చీలు తక్కువైతే పోసేటప్పుడు మనుషుల కాళ్ల కింద పై రాడ్డు దిగిపోయి కింది రాడ్డుతో కలిసిపోతుంది. బాల్కనీకి, సజ్జకి బలమిచ్చేది ఆ పై రాడ్డే. బీముల్లో పొడుగు రాడ్లని చుట్టే రింగు కొసలు లోపలికి వంచి ఉండాలి, 135 డిగ్రీలు. ఊరికే 90కి మడిచి వదిలేస్తే భూకంపం లాంటి కుదుపుకి విచ్చుకుంటాయి. రాడ్ల జాయింట్లన్నీ ఒకే గీత మీదికి రాకూడదు. కరెంటు పైపులూ ఫ్యాన్ బాక్సులూ అప్పుడే పెట్టేసి ఉండాలి. తర్వాత గుర్తొస్తే స్లాబ్ కొట్టాల్సొస్తుంది. ప్రతి ఫొటోలో టేపు ఉండాలి, లేకపోతే ఆరు అంగుళాల దూరమూ తొమ్మిది అంగుళాల దూరమూ ఒకేలా కనిపిస్తాయి.

అమ్మగారి వంటింటి సంగతి: గది మూల నుంచి మూలకి రెండు వైపులా టేపు పట్టమనండి. ఎదురెదురు గోడల పొడవులు సమానంగా ఉండి, ఈ రెండు కొలతలూ సమానమైతే గది మూలమట్టానికి ఉన్నట్టే. 12 అడుగులు 16 అడుగుల గదికి మూలల మధ్య 20 అడుగులు రావాలి. చిన్నదిగా కనిపించడం మాత్రం గోడలు, కప్పు పడ్డాక దానంతటదే తగ్గుతుంది.

ఎంత శాతం అయిందని ఎవరినీ అడగకండి. స్లాబ్ పడగానే చూసినవాళ్లంతా ఇల్లయిపోయిందంటారు. అక్కడి నుంచే నత్తనడక మొదలవుతుంది. ప్లాస్టరింగ్, పైపులు, వైరింగ్, తలుపులు, టైల్స్, రంగులు... ఒక్కో పనివాడు ఇంకొకడి కోసం ఎదురుచూస్తాడు. డబ్బు కూడా తేదీలు చూసి ఇవ్వకండి, పని దశ చూసి ఇవ్వండి. చివరి దశకి కొంత ఆపుకోండి.


తడి_ఇటుక:

నేను ఫోన్‌కి అవతలి వైపు మనిషిని. మా అన్నయ్య ఇంటికి దగ్గరుండి ఫొటోలు తీసి పంపింది నేనే, కాబట్టి మీ నాన్నగారి తరఫున రెండు మాటలు.

ఫొటో అడగడం మీకు ఒక్క నిమిషం. మాకు అది, చేతికంటిన సిమెంట్ కడుక్కుని, ఎండలో తెర కనిపించక చీర కొంగు అడ్డం పెట్టుకుని, పరంజా కింద నుంచి వంగి వెళ్లి తీసే పని. తీసి పంపాక "ఇంకొంచెం ఎడమకి" అని మెసేజ్ వస్తే ఒళ్లు మండుతుంది. నేనోసారి ఫోన్ ఆఫ్ చేసి ఇసుక గుట్ట మీద కూర్చున్నాను. దూరంగా ఉన్నవాడికి భయం, దగ్గరున్నవాడికి చిరాకు. ఎవరి తప్పూ కాదు.

మేం చివరికి కుదుర్చుకున్న పద్ధతి చెప్తాను. స్థలంలో మూడు రాళ్లు పాతి ఎర్ర రంగు పూశాం. ప్రతి శనివారం సాయంత్రం పని ఆగాక మొదటి రాయి మీద నిలబడి ఒకటి, రెండో రాయి మీద ఒకటి, మూడో దాని మీద ఒకటి. అంతే. వారానికి మూడు ఫొటోలు. ఎప్పుడూ అదే చోటు, అదే ఎత్తు. పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరూ చెప్పక్కర్లేకుండా వారంలో ఏం జరిగిందో తెలుస్తుంది, ఏం జరగలేదో ఇంకా బాగా తెలుస్తుంది. నాలుగు వారాలు రెండో రాయి ఫొటో మారలేదు. అన్నయ్య అడగకముందే నేనే మేస్త్రిని నిలదీశాను.

ఇంకోటి, ప్లాస్టరింగ్‌కి ముందు. గోడల్లో గాళ్లు కొట్టి పైపులు పెట్టాక ప్రతి గోడకీ ఒక ఫొటో తీశాను. గోడ మీద సుద్దతో "హాలు, కిటికీ గోడ" అని రాసి, నేల నుంచి ఒక టేపు నిలువుగా, మూల నుంచి ఇంకో టేపు అడ్డంగా. మొత్తం 27 గోడలు, ఒక మధ్యాహ్నం పట్టింది. అప్పుడు నన్ను చూసి ప్లంబరు నవ్వాడు. రెండేళ్ల తర్వాత బాత్రూమ్ బయటి గోడకి అల్మారా బిగించాలని డ్రిల్లు పట్టుకుని అన్నయ్య ఫోన్‌లో ఆ ఫొటో తెరిచి చూశాడు. మూల నుంచి మూడడుగుల నాలుగంగుళాల దగ్గర నీళ్ల పైపు, సరిగ్గా పెన్సిల్ గుర్తు పెట్టుకున్న చోటే. గుర్తు బెత్తెడు పక్కకి జరిపాడు. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, పెళ్లి ఫొటోల కంటే ఎక్కువ సార్లు పంపాను.

నాన్నగారిని ఎలా అడగాలంటారా... అన్నయ్య ఒకరోజు ఫొటో అడగలేదు. "ఇవాళ సైట్లో నీకు నచ్చనిది ఏంటి?" అని అడిగాడు. నేను ఇరవై నిమిషాలు చెప్పాను. ఇటుకలు తడపకుండా కడుతున్నారని, గేటు వైపు సిమెంట్ బస్తాలు నేల మీదే పెట్టారని, అన్నీ. అప్పటిదాకా వాటిలో ఒక్కటీ ఫొటోలో చెప్పలేదు, ఎందుకంటే నన్ను అడిగింది ఫొటో. మీ నాన్నగారికి కూడా కళ్లున్నాయి. ఆయన కెమెరా కాదు కదా.


కప్పు_కారుతున్నవాడు:

నేను సీసీ కెమెరా పెట్టించాను. ఎవరూ చెప్పలేదు, నా తెలివే. మొదటి వారం ఆఫీసులో పని మానేసి చూశాను. రెండో వారం అద్దం మీద దుమ్ము పేరుకుని మొత్తం మంచు కురుస్తున్నట్టు ఉంది. మూడో వారం మేస్త్రి దాని మీద ఖాళీ సిమెంట్ సంచి తొడిగాడు. అడిగితే "వాన పడుతుందని సార్, పాడైపోతుందని" అన్నాడు. వాన పడే కాలమే కాదది.

మొత్తం నిర్మాణంలో కెమెరాకి చిక్కిన ఒకే ఒక్క దొంగ రోజూ రాత్రి వచ్చి ఇసుక గుట్ట మీద పడుకునే కుక్క. సామాను పోకుండా కాపలాకి అయితే పెట్టుకోండి. పని నాణ్యత దాంట్లో కనిపించదు. పిల్లర్ లోపల ఏముందో కెమెరాకేం తెలుసు?

నా పేరు చూసి ఈపాటికి అర్థమై ఉంటుంది. స్లాబ్ పోసిన రోజు నేను ఆన్‌లైన్లోనే ఉన్నాను, అన్నీ చూశాను. కాంక్రీట్ గట్టిగా ఉంది, జారడం లేదని పైపుతో నీళ్లు కొడుతుంటే "భలే చకచకా పోస్తున్నారే" అనుకున్నాను, ఆ నీళ్లే కాంక్రీట్‌ని గుల్ల చేస్తాయని తెలియక.


దూరంగా_పెద్దమ్మాయి:

ఐదు వారాలైంది. అందరికీ థాంక్స్, ముఖ్యంగా రసమట్టం గారికి, తడి ఇటుక గారికి. జరిగింది చెప్తాను.

స్లాబ్ రాడ్లు కట్టే వారం చూసుకుని వెళ్లాను. మొదట పిల్లర్ దగ్గరికే. సుత్తి నేను పట్టుకోలేదు, నాన్న చేతికిచ్చాను. ఆయన టైరు గాలి చూసినట్టు చుట్టూ తిరుగుతూ కొట్టాడు. మూడు వైపులా ఠంగు. వాకిలి వైపు మాత్రం ఒకచోట డొల్లగా పలికింది. నాన్న ఇంకోసారి కొట్టి, తల ఎత్తకుండానే "మేస్త్రీ, ఇటు రా" అన్నాడు. చెక్కితే వేలి మొదటి కణుపు లోతు గుల్ల ఉంది. రాడ్డు కనిపించలేదు. అయినా డిజైన్ ఇచ్చిన ఇంజనీర్‌ని పిలిపించాం, ఆయన చూసి గ్రౌట్ నింపితే చాలన్నాడు, నింపేదాకా పక్కనే నిలబడ్డాడు కూడా. మేస్త్రి ఏమీ అనలేదు. ఆ తర్వాత కట్టిన బాక్సులకి అడుగున సందులు మూయడం నేనే చూశాను.

ఆ సాయంత్రం తడి ఇటుక గారి ప్రశ్న అడిగాను, నాన్నా నీకేం నచ్చలేదు ఈ పనిలో అని. ఆయన ఏమీ చెప్పలేదు. స్కూటర్ డిక్కీ తెరిచి ఒక నోటు పుస్తకం తీసి ఇచ్చాడు. అట్ట మీద "ఇల్లు" అని రాసుంది. లోపల గళ్లు గీసుకున్నాడు, అచ్చంగా ట్రిప్ షీట్. ఉద్యోగంలో ముప్పై మూడేళ్లు రాసిందే రాస్తున్నాడు, అమ్మకి కూడా చెప్పలేదట. ఒక పేజీ ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

"ఉ. 8.10 మేస్త్రి, నలుగురు. ఒకడు కొత్త. 8.40 ఇటుక పని మొదలు. సిమెంట్ 9 బస్తాలు వాడకం, నిల్వ 31. ఇసుక తడిగా ఉంది. 11.40 అమ్మాయి వీడియో. 22 నిమిషాలు. పని ఆగింది. మ. 1 నుంచి 2 విరామం. 3.15 కొత్తవాడు వెళ్లిపోయాడు, చెప్పలేదు. సా. 5.30 నీళ్లు కొట్టారు, వెనక గోడ మర్చిపోయారు. నేను కొట్టాను."

నేను 1,412 ఫొటోలు చూసి చెప్పలేనిది మొత్తం ఇందులో ఉంది. "22 నిమిషాలు" దగ్గర నాకు నవ్వూ సిగ్గూ రెండూ వచ్చాయి. ఆయన ఎక్కడా వ్యాఖ్య రాయలేదు. బస్సు ఎందుకాగిందో రాసినట్టే రాశాడు.

అప్పటి నుంచి మా ఒప్పందం: ఫొటోలు వద్దు, రాత్రి పుస్తకంలో ఆ రోజు పేజీ ఒక్కటి ఫొటో తీసి పంపితే చాలు. మూత పడేవాటికి మాత్రం టేపు పెట్టి ఫొటో.

గురువారం స్లాబ్ పోశారు. 900 చదరపు అడుగులు, మందం 5 అంగుళాలు. సిమెంట్, ఇసుక, కంకర ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్లు. నాన్న మిక్సర్ పక్కనే కుర్చీ వేసుకుని ఖాళీ సంచులు పదేసి కట్టలు కట్టాడు. 108 బస్తాలు. తర్వాత సిమెంట్‌తో మళ్లు కట్టి నీళ్లు నిలిపారు. శుక్రవారం పేజీలో "నీళ్లు, 3 సార్లు". శనివారం కూడా అంతే. ఆదివారం పేజీలో ఇలా ఉంది: "సెలవు. నేను పెళ్లికి వెళ్లాను. నీళ్లు లేవు." సోమవారం: "ఉ. 7.30 వెళ్లాను. మళ్లు ఎండిపోయి ఉన్నాయి. వెంటనే పెట్టించాను. తప్పు నాదే."

పాత పద్ధతిలో అయితే ఆదివారం ఫొటో ఉండేది కాదు, సోమవారం నీళ్లు నిండిన మళ్ల ఫొటో వచ్చేది, నేను చప్పట్లు కొట్టే బొమ్మ పెట్టేదాన్ని. రసమట్టం గారూ, ఆ ఒక్క రోజుకి ఏమైనా అవుతుందా? "తప్పు నాదే" అని రాసిన మనిషికి నేనేం చెప్పాలి?


రసమట్టం:

ముందు ఆ పుస్తకానికి నా నమస్కారం చెప్పండి. ఇన్నేళ్లలో సైట్ డైరీ ఇంత నిజాయితీగా రాసే సూపర్‌వైజర్ నాకు దొరకలేదు.

బస్తాల లెక్క వేశాను. 900 అడుగులకి 5 అంగుళాలంటే 375 ఘనపుటడుగులు, సుమారు 10.6 ఘనపు మీటర్లు. ఆ పాళ్లకి మీటరుకి 8 బస్తాలు పడతాయి, అంటే స్లాబ్‌కే 85 దాకా. బీములకి మిగతా 23. సరిపోయింది. 70 అని ఉంటే కంగారు పడేవాణ్ని.

ఆదివారం గురించి: మొదటి వారం చాలా ముఖ్యం. కాంక్రీట్ 28 రోజులకి అందుకోవాల్సిన బలంలో మూడింట రెండు వంతులు 7 రోజుల్లోనే వస్తాయి, ఆ రోజుల్లో ఎండితే పైపొర బలహీనపడి సన్న పగుళ్లు రావచ్చు. కానీ ఒక్క రోజుకి స్లాబ్ పోదు. మీకు రెండు రోజులు నీళ్లు నిలిచాక ఆగింది, మళ్లీ ఉదయమే పెట్టారు. పైన వెంట్రుక మందం పగుళ్లు ఏమైనా కనిపిస్తే టేపు పెట్టి ఫొటో తీయమనండి. ఇక 14 రోజులు నిండేదాకా ఆపకండి. ఈసారి సెలవొస్తే ముందు రోజే తడి గోనెసంచులు పరిపించి ఎవరో ఒకరికి అప్పజెప్పండి. స్లాబ్‌ని కింద నుంచి మోసే కర్రలు తీయడానికి మేస్త్రి తొందరపడతాడు, వాడికి ఆ సామాను ఇంకో సైట్‌కి కావాలి. హాలు వెడల్పు నాలుగున్నర మీటర్లు దాటితే 14 రోజుల లోపు తీయనివ్వకండి, బీముల కింద కూడా అంతే, ఆరు మీటర్లు దాటిన బీమ్ అయితే 21 రోజులు ఉంచాలి.

నాన్నగారికి ఏం చెప్పాలంటే, బస్తాల లెక్క సరిపోయిందని చెప్పండి. అది చాలు.


దూరంగా_పెద్దమ్మాయి:

చెప్పాను. "సరిపోకేం, నేను కదా లెక్కపెట్టింది" అన్నాడు.

పగుళ్లు రాలేదు. కర్రలు పద్దెనిమిదో రోజు దాకా ఉంచాడు, మేస్త్రి రెండు సార్లు అడిగితే రెండు సార్లూ పుస్తకంలో తేదీ చూపించాడట. అమ్మ కప్పు కింద తన వంటింట్లో నిలబడి చేతులు చాపి చూసుకుంది, గోడలు తగల్లేదు.

ఇప్పుడు గాళ్లు కొట్టి పైపులు పెడుతున్నారు. తడి ఇటుక గారు చెప్పినట్టు గోడ గోడకీ ఫొటోలు వస్తున్నాయి. సుద్ద రాత నాన్నదే, "హాలు" అని కాకుండా "స్టాప్ 1", "స్టాప్ 2" అని పేర్లు పెట్టాడు. ఏ స్టాప్ ఏ గదో తెలియడానికి పుస్తకం చివరి పేజీలో పట్టిక ఉంది. ప్రతి ఫొటోలో టేపు కింద ఆయన బొటనవేలు ఉంటుంది, గోరు కింద సిమెంట్‌తో.

మొన్న నాకు ఆఫీసులో పని ఎక్కువై రెండు రోజులు ఫోన్ చేయలేదు. నిన్నటి పేజీ చివర్లో ఉంది: "అమ్మాయి ఫోన్ లేదు, 2 రోజులు. పని ఆగలేదు." వెంటనే చేశాను. 40 నిమిషాలు మాట్లాడాడు, ఇంటి గురించి కాదు.

ఇంకో సందేహం ఉంది. ఎల్లుండి బాత్రూమ్ పైపులకి ప్రెషర్ టెస్ట్ అంటున్నాడు ప్లంబరు, పంపుతో ఒత్తిడిగా నీళ్లు నింపి కారుతుందేమో చూడటమట, అరగంట పెట్టి తీసేస్తాడట. అది చాలా?


రసమట్టం:

చాలదు. ప్లాస్టిక్ పైపులు మొదట్లో కొంచెం సాగుతాయి, ఒత్తిడి చూపే గేజ్ ముల్లు ఆ అరగంటలో ఎలాగూ కాస్త దిగుతుంది. "ఇదంతే సార్" అని ప్లంబరు అనేది అప్పుడే. మళ్లీ పంపు కొట్టి, సాయంత్రం నుంచి తెల్లారేదాకా వదిలేయమనండి. పడుకునే ముందు ముల్లు ఎక్కడుందో ఒక ఫొటో, పొద్దున్నే ఇంకోటి. రాత్రి చల్లబడితే గీత వాసి తేడా రావచ్చు, అంతకు మించి దిగితే మాత్రం ఎక్కడో కారుతోంది. అది తేలేదాకా గాళ్లు పూడ్చనివ్వకండి. టైల్స్ వేయకముందు బాత్రూమ్ నేల మీద కూడా ఒక రోజంతా నీళ్లు నిలిపి, పక్క గోడల మీద చెమ్మ చూడాలి.

నాన్నగారికి ఫొటో అక్కర్లేదు లెండి. ముల్లు ఎక్కడుందో గంటగంటకీ రాసిపెడతారు.